క్రెటేషియస్ ఆల్చిప్ప శిలాజాన్ని గుర్తుపట్టడం ఎలా? తిరుపతి నుంచి బయల్దేరేవాళ్ల కోసం

ఫోన్‌కి ఒక రాయి ఫోటో వస్తుంది. పైవైపు మాత్రమే కనిపిస్తుంది, పక్కన స్కేలు ఉండదు, ఎక్కడ దొరికిందో రాసి ఉండదు. కింద ఒకటే ప్రశ్న: "సార్, దీని పేరేంటి? రేపు రికార్డు సబ్మిట్ చేయాలి." జియాలజీ చదివే పిల్లలే కాదు, సరదాగా రాళ్లు ఏరే పెద్దవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. అలాంటి ఫోటో చూసి పేరు చెప్పేవాళ్లు ఉన్నారు, కానీ చాలాసార్లు అది ఊహే. ఆల్చిప్పల్లో బయటి ఆకారం మోసం చేస్తుంది, అసలు సంగతి లోపల, రెండు చిప్పలూ కలిసే కీలు దగ్గర, చిప్పని మూసే కండరం వదిలిన మచ్చల దగ్గర ఉంటుంది. అవి కనపడనప్పుడు కనపడినంత వరకే పేరు రాసి ఆగాలి. మొత్తం పద్ధతి కింద రాస్తున్నా, వరసగా చేసుకుంటూ పొండి.

ముందు అందరూ అడిగేదానికి జవాబు. తిరుమల కొండలో ఆల్చిప్పలు దొరకవు. ఘాట్ రోడ్డు పక్కన కనిపించే క్వార్ట్‌జైట్, శిలాతోరణం రాయి, అన్నీ వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. గట్టి చిప్పలున్న జంతువులు విరివిగా కనిపించేది సుమారు 54 కోట్ల ఏళ్ల నుంచే. కాబట్టి ఆ రాళ్ల మీద వరసగా గీతలు కనిపిస్తే అవి ఒకప్పటి ఇసుక మీద నీటి అలలు వదిలిన గుర్తులు, శిలాజాలు కావు. పైగా శిలాతోరణం జాతీయ భూవిజ్ఞాన స్మారకం, చుట్టూ అడవి శాఖ భూమి, అక్కడ సుత్తి బయటకి తీయడమే తప్పు. సత్యవేడు వైపు క్రెటేషియస్ తొలినాళ్ల ఇసుకరాళ్లు ఉన్న మాట నిజమే, కానీ అక్కడ ఎక్కువగా దొరికేవి మొక్కల అచ్చులు. ఆల్చిప్పల కోసం అయితే అటు పోయి ఎండలో తిరగడం దండగ.

మనకి దగ్గర్లో మంచి చోటు తమిళనాడులోని అరియలూరు, పెరంబలూరు, తిరుచ్చి ప్రాంతం. క్రెటేషియస్ అంటే 14.5 కోట్ల ఏళ్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి దాకా. ఆ కాలంలో సముద్రం అక్కడ లోపలికి వచ్చి వెళ్లింది, వచ్చినప్పుడల్లా మట్టి, ఇసుక, సున్నపురాయి పరిచింది. ఆ రాతి పొరల్ని కింద నుంచి పైకి ఉత్తత్తూరు, తిరుచిరాపల్లి, అరియలూరు అని మూడు గ్రూపులు చేశారు. ఈ పేర్లు 1862లో భూవిజ్ఞాని బ్లాన్‌ఫోర్డ్ ప్రచురించిన సర్వే నాటివి, 1871 కల్లా శిలాజాల నిపుణుడు స్టోలిచ్కా అక్కడి ఆల్చిప్పలన్నిటికీ బొమ్మలు గీయించి వర్ణించేశాడు. ఇప్పటికీ ఎవరు పని మొదలుపెట్టినా ఆ బొమ్మల దగ్గరికే పోవాలి. ఆంధ్రాలోనే చూడాలి అంటే రాజమండ్రి దగ్గర దుద్దుకూరు వైపు లావా పొరల కింద సముద్రపు చిప్పలున్న పొర ఉంది, కానీ అది క్రెటేషియస్ ముగిసి తర్వాతి కాలం మొదలయ్యే సరిహద్దు దగ్గరిది, మొదటిసారి చేసేవాళ్లకి కాస్త తికమక పెడుతుంది.

కావలసినవి

పది రెట్లు పెద్దగా చూపే చేతి లెన్స్. ఇది లేకపోతే మిగతావి ఉన్నా ఉపయోగం లేదు. చిన్న సుత్తి, సన్న ఉలి, కళ్లకి సేఫ్టీ గ్లాసెస్, పాత న్యూస్‌పేపర్లు, బట్ట సంచులు, పర్మనెంట్ మార్కర్, పెన్సిల్, నోట్‌బుక్. ఇంటికొచ్చాక పాత టూత్‌బ్రష్, గోనె కుట్టే దబ్బనం, మామూలు సూది, ఒక టార్చి, వెర్నియర్ కాలిపర్, పిల్లలు ఆడుకునే క్లే, టాల్కమ్ పౌడర్, కొంచెం వెనిగర్. కాలిపర్ లేకపోతే స్కేలు, రెండు అగ్గిపెట్టెలు చాలు: చిప్పని రెండు పెట్టెల మధ్య నిలబెట్టి వాటి మధ్య దూరం కొలుచుకోవచ్చు.

1. ముందు ఇప్పటి గుల్లల మీద చేయి తిప్పుకోండి

ఈ మెట్టు అందరూ దాటేస్తారు. శిలాజం చేతికి వచ్చాక నేర్చుకుందాంలే అనుకుంటే అది సగం రాతిలో ఇరుక్కుని ఉంటుంది, ఏమీ అర్థం కాదు. తడ, సూళ్లూరుపేట వైపు వెళ్లే పని ఉంటే పులికాట్ ఒడ్డున రాలిపడిన ఖాళీ గుల్లలు కాసిని తెచ్చుకోండి. తాంబూలంలోకి వాడే గుల్ల సున్నం కాల్చేది ఈ రకం చిప్పలతోనే. లావు గీతలున్న బ్లడ్ క్లామ్ ఒకటి, నున్నటి మెరెట్రిక్స్ ఒకటి, గరుకు ఆయిస్టర్ ఒకటి, ఈ మూడూ చాలు. బ్లడ్ క్లామ్ కీలు దగ్గర చిన్న చిన్న పళ్లు బారుగా ఉంటాయి. మెరెట్రిక్స్‌లో నాలుగైదు పళ్లే, కానీ గట్టివి. ఆయిస్టర్‌లో పళ్లే ఉండవు, చిప్ప మధ్యలో పెద్ద మచ్చ ఒకటి ఉంటుంది. ఈ మూడు తేడాలు కళ్లు మూసుకుని వేలితో తడిమి చెప్పగలిగితే మీ పని సగం అయిపోయినట్టే.

2. వెళ్లేముందు అనుమతి

కాట్పాడి, తిరువణ్ణామలై, విల్లుపురం మీదుగా అరియలూరు చేరొచ్చు. మన చిత్తూరు వైపు వాళ్లకి తమిళం ఎలాగూ వచ్చు కాబట్టి ఊళ్లలో "కిళింజల్ (ఆల్చిప్ప) ఎక్కడ దొరుకుతుంది" అని అడిగితే పొలం గట్టు దాకా తీసుకుపోయి చూపిస్తారు. జనవరి, ఫిబ్రవరి మంచి సమయం. ఈశాన్య రుతుపవనాల వానకి మట్టి కోసుకుపోయి కొత్తవి పైకి తేలి ఉంటాయి, ఎండ కూడా భరించేలా ఉంటుంది.

సున్నపురాయి గనుల్లోకి రాతపూర్వక అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. పేలుళ్ల సమయం అడిగి తెలుసుకోండి, హెల్మెట్ పెట్టుకోండి, నిట్టనిలువు గోడ కింద కూర్చుని రాయి కొట్టే ధైర్యం చేయకండి. సాత్తనూరులో 18 మీటర్ల పొడవున్న రాతి చెట్టు చూడండి, ఫోటో తీసుకోండి, చిన్న ముక్క కూడా తీయొద్దు, అది స్మారకం. ప్రైవేటు పొలమైతే రైతుని అడగడం కనీస మర్యాద. కొన్నిచోట్ల మొత్తం తీసుకురావాల్సిన అవసరమే లేదు, ఫోటో, కొలతలు, క్లే అచ్చు తెచ్చుకుంటే గుర్తించడానికి సరిపోతుంది.

3. తీసేటప్పుడే రాసుకోండి

రాయి చేతిలోకి రాకముందే ఫోటో తీయాలి, పక్కన స్కేలు పెట్టి. ఫోన్‌లో లొకేషన్ నోట్ చేయండి. అది పొరలోనే ఇరుక్కుని ఉందా, పైనుంచి జారి కింద పడి ఉందా అన్నది తప్పకుండా రాయండి. కింద పడినదాన్ని ఆ పొరదే అని రాసేస్తే, దానికి కోటి ఏళ్ల తేడా ఉన్న చిరునామా ఇచ్చినట్టు. రెండు చిప్పలూ మూసుకుని ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా, విడివి బోర్లా పడ్డాయా వెల్లకిలా పడ్డాయా అన్నది కూడా రాయండి. మూసుకుని నిలువుగా దొరికితే ఆ జీవి బతికినచోటే పూడుకుపోయింది అనుకోవడానికి ఆస్కారం ఉంది. విడిచిప్పలు ఎక్కువ శాతం బోర్లా ఉంటే ప్రవాహం వాటిని దొర్లించింది.

చీటీ రెండు రాయండి, ఒకటి పేపర్ పొట్లంలో, ఒకటి సంచిలో. పెన్సిల్‌తోనే రాయండి, బాల్ పెన్ సిరా తడికి పాకుతుంది. ఎక్కడిదో తెలియని అందమైన శిలాజం కన్నా, చోటు తెలిసిన విరిగిన ముక్కే మేలు.

4. శుభ్రం చేయడం, యాసిడ్ జోలికి పోకుండా

యాసిడ్‌లో వేస్తే మట్టి పోయి చిప్ప బయటపడుతుందని ఎవరో చెప్పి ఉంటారు. చిప్పే కాల్షియం కార్బొనేట్. బాత్రూమ్ కడిగే యాసిడ్ అయినా, రాత్రంతా వెనిగర్ అయినా ముందు చిప్పనే తినేస్తుంది. చిప్ప సిలికాగా మారి ఉన్నప్పుడు ల్యాబుల్లో ఆ పద్ధతి వాడతారు, ఇంట్లో వద్దు. వెనిగర్ ఒక్క చుక్క, అదీ చుట్టూ ఉన్న రాయి సున్నపురాయా కాదా చూడటానికి, చిప్పకి దూరంగా, పనికిరాని మూల మీద వేసి కడిగేయండి.

మెత్తటి రాయి, సుద్దమట్టి అయితే నీళ్లలో నానబెట్టి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. కానీ ముందు ఒక ముక్క మీద పరీక్షించండి, పెరంబలూరు దగ్గర కారై వైపు బంకమన్ను నీళ్లు తగలగానే ఉబ్బి, దానితోపాటు పల్చటి చిప్ప కూడా పొరలు పొరలుగా విడిపోతుంది. అలాంటిదాన్ని పొడిగానే సూదితో గీరాలి. పగిలిపోతుంది అనిపిస్తే ఫెవికాల్‌ని నీళ్లలో బాగా పల్చగా కలిపి బ్రష్‌తో అద్ది, ఆరాక పని చేయండి. చిక్కగా పూస్తే మెరుపు వచ్చి గీతలు కనపడవు. గట్టి సున్నపురాయి అయితే చిప్ప వైపు కాకుండా చిప్పకి దూరంగా ఉలి పెట్టి రాయిని తగ్గించుకుంటూ రండి. కీలు దగ్గర మాత్రం సుత్తి ముట్టుకోవద్దు, సూది, లెన్స్, ఓపిక. ఒక్కో చిప్పకి సాయంత్రం మొత్తం పట్టినా పర్లేదు.

5. మీ చేతిలో ఉన్నది చిప్పా, లోపలి అచ్చా, బయటి అచ్చా?

ఎక్కువ తప్పులు ఇక్కడే. ఆయిస్టర్లు, విసనకర్రలా ఉండే పెక్టెన్‌లు, ఇనోసిరామస్ అనే పెద్ద ఆల్చిప్ప పై పొర, ఇవన్నీ కాల్సైట్‌వి (కాల్షియం కార్బొనేట్‌లో తేలిగ్గా కరగని రకం), గట్టిగా నిలుస్తాయి. మిగతా చాలా ఆల్చిప్పలవి అరగొనైట్ (అదే కార్బొనేట్‌లో ఇంకో రకం) చిప్పలు, అవి కాలక్రమంలో కరిగిపోతాయి. చిప్ప కరిగినా లోపల నిండిన మట్టి గట్టిపడి మిగిలితే అది లోపలి అచ్చు. చుట్టూ ఉన్న రాతిలో మిగిలిన గుంట బయటి అచ్చు.

లోపలి అచ్చులో అంతా తిరగబడుతుంది. కండరపు మచ్చ అసలు చిప్పలో చిన్న పల్లం, అచ్చు మీద అది ఉబ్బుగా కనిపిస్తుంది. పన్ను ఉన్నచోట గుంట, పన్ను దూరే గుంట ఉన్నచోట గట్టు. పైన ఉన్న గీతలు లోపలి అచ్చు మీద ఉండకపోవచ్చు, అందుకే లావు గీతలున్న చిప్పని కూడా "నున్నటి జాతి" అని రాసేస్తుంటారు. ట్రైగోనియా అనే ఆల్చిప్ప లోపలి అచ్చు దీనికి మంచి ఉదాహరణ, బయట అంత అందమైన గీతలూ బుడిపెలూ ఉండేది, అచ్చుగా దొరికితే బోసిగా ఉంటుంది, ముక్కు (కీలు పక్కన చిప్ప మొదలయ్యే ఉబ్బిన కొన) దగ్గర పళ్ల వల్ల పడిన లోతైన చీలికలు మాత్రం మిగులుతాయి.

బయటి అచ్చు దొరికితే పారేయొద్దు. గుంటలో టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లి ఊదేసి, క్లే మెత్తగా పిసికి నొక్కి తీయండి. చిప్ప బయటి రూపం మొత్తం మీ చేతికి వస్తుంది. పౌడర్ వేయకపోతే క్లే అంటుకుపోయి రాతి గుంట పాడవుతుంది, తర్వాత గీరి తీయలేక అవస్థ.

6. అసలు ఇది ఆల్చిప్పేనా?

అరియలూరు దగ్గరి కల్లంకురిచ్చి సున్నపురాయిలో ఆల్చిప్పలతో కలిసి బ్రాకియోపాడ్‌లు అనే వేరే రకం సముద్రజీవులు కూడా దొరుకుతాయి. రెంటికీ రెండు చిప్పలే. తేడా ఇది: ఒక్క చిప్పని తీసుకుని ముక్కు నుంచి కింది అంచు దాకా మధ్యలో గీత గీయండి. కుడి సగం, ఎడమ సగం సమానంగా ఉంటే బ్రాకియోపాడ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆల్చిప్పలో ఆ రెండు సగాలూ కలవవు, బదులుగా ఒక చిప్ప ఇంకో చిప్పకి అద్దంలో బింబం.

ఈ సూత్రం ఆయిస్టర్‌ల దగ్గర, పెక్టెన్‌ల దగ్గర పని చేయదు. ఆయిస్టర్‌లో రెండు చిప్పలూ సమానం కావు, పెక్టెన్‌లో ఒక్కో చిప్ప దాదాపు సౌష్ఠవంగానే ఉంటుంది. అందుకే రెండో పరీక్ష కూడా చేయండి. బ్రాకియోపాడ్ పెద్ద చిప్ప ముక్కు కొన దగ్గర లెన్స్‌తో చూస్తే కాడ బయటకి వచ్చే చిన్న గుండ్రటి రంధ్రం చాలావాటికి కనిపిస్తుంది. పెక్టెన్‌కి ఆ రంధ్రం ఉండదు, ముక్కుకి రెండు వైపులా చెవులు ఉంటాయి.

7. ముందు వెనుక, కుడి ఎడమ

మూసుకున్న చిప్పల జతని కీలు పైకి ఉండేలా, ముక్కులు మీకు దూరంగా ముందుకి చూసేలా పట్టుకోండి. మీ ఎడమచేతి వైపు ఉన్నది ఎడమ చిప్ప. ముక్కు ఎటు వంగి ఉంటే సాధారణంగా అదే ముందు. రెండు చిప్పల్నీ పట్టి ఉంచే అతుకు నారు గాడి ముక్కుకి వెనుక ఉంటుంది. లోపల పేలియల్ గీత (జీవి మెత్తటి ఒంటి పొర చిప్పకి అంటుకున్న చోట పడే గీత) ఒకవైపు లోపలికి మడత పడి ఉంటే, ఆ మడత ఉన్నది వెనుక.

విడిచిప్ప ఒక్కటే దొరికితే: బయటి వైపు మీకు కనపడేలా, కీలు పైకి పెట్టండి. ముందు భాగం ఎడమకి ఉంటే అది ఎడమ చిప్ప. లోపలి వైపు చూస్తున్నట్టయితే తారుమారు, ముందు భాగం కుడికి ఉంటే ఎడమ చిప్ప. ఇది పరీక్షలో తప్పకుండా తికమక పెడుతుంది, నోట్‌బుక్ అట్ట మీద బొమ్మ గీసి పెట్టుకోండి.

ట్రైగోనియా దగ్గర జాగ్రత్త. దాని ముక్కు వెనక్కి వంగుతుంది. ముక్కు నమ్మకుండా, ఒక పక్క వేరే తరహా నగిషీతో పలకగా ఉన్న భాగం చూడండి, అది వెనుక.

8. కీలు, మచ్చలు

టార్చిని పక్కనుంచి, నేలకి దాదాపు సమాంతరంగా వేయండి. పైనుంచి వెలుగు పడితే ఏదీ కనపడదు, ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫోటోలు పనికిరానిది అందుకే. టాల్కమ్ పౌడర్ పల్చగా అద్ది చూస్తే గట్లు ఇంకా తేలుతాయి.

చిన్న పళ్లు చాలా ఉండి వరసగా ఉంటే ట్యాక్సోడాంట్, అంటే నూకులా, ఆర్కా, కుకుల్లియా, గ్లైసిమెరిస్ వైపు చూడాలి. ముక్కు కింద కొన్ని గట్టి పళ్లు, పక్కల పొడవైన పళ్లు ఉంటే హెటిరోడాంట్, అంటే కార్డియమ్, వీనస్, లూసినా, అస్టార్టె. అతుకు గుంటకి రెండు వైపులా ఒకేరకం పళ్లు రెండు ఉంటే ఐసోడాంట్, అంటే స్పాండిలస్, ప్లికాటులా. ముక్కు కింద విచ్చుకున్న పెద్ద పళ్లు, వాటి మీద అడ్డంగా సన్న గాడులు ఉంటే షైజోడాంట్, అంటే ట్రైగోనియా. పళ్లు లేకపోయినా, అంతంత మాత్రమే ఉన్నా డిసోడాంట్, ఆయిస్టర్లు, మస్సెల్స్ ఇక్కడికి వస్తాయి.

కండరపు మచ్చలు రెండూ సమానమా, ముందుది చిన్నదా, లేక ఒకటే మిగిలిందా చూడండి. ఒకటే ఉంటే ఆయిస్టర్, పెక్టెన్ వర్గం. పేలియల్ గీత మడత లోతుగా ఉంటే ఆ జీవి పొడవాటి గొట్టాలు పైకి చాచి ఇసుకలో లోతుగా బతికింది. మడత లేకపోతే పైపైన బతికినదో, అంటుకుని బతికినదో కావొచ్చు.

9. ఎక్కువగా చేతికి వచ్చేవి

గ్రైఫియా అని పాత జాబితాల్లో రాసినవి కల్లంకురిచ్చిలో కుప్పలు తెప్పలు. ఎడమ చిప్ప లోతుగా, బరువుగా ఉంటుంది, కుడి చిప్ప మూతగా పల్చగా ఉంటుంది. ఇప్పుడు వీటిని పిక్నోడాంటె అంటున్నారు, అసలు గ్రైఫియా అంతకన్నా పాతకాలపు ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు). దీన్ని మీరే సరిచూసుకోవచ్చు. విరిగిన అంచుని తడిపి లెన్స్‌తో చూడండి, చిప్ప మందంలో బుడగలు బుడగలుగా ఖాళీలున్న పొర కనిపిస్తే పిక్నోడాంటె వర్గమే. ఆకారం చూసి చెప్పేవాళ్ల కన్నా ఈ అంచు చూసి చెప్పేవాళ్లని నమ్మండి.

ఎక్సోజైరా కూడా ఆయిస్టర్‌లకి దగ్గరిదే, కానీ ముక్కు పైకి కాకుండా పక్కకి చుట్టుకుని ఉంటుంది. అంచు మొత్తం పదునైన జిగ్‌జాగ్‌గా ఉండేదాన్ని పాత పుస్తకాల్లో అలెక్ట్రియోనియా అంటారు, కొత్తగా అజెరోస్ట్రియా.

ఇనోసిరామస్ ముక్కల్ని చాలామంది పారేస్తారు, కాల్సైట్ నరం అనుకునో, రాతి కట్టె అనుకునో. పెద్ద చిప్ప, మీద అలలు అలలుగా మడతలు, కానీ మొత్తంగా అరుదుగా దొరుకుతుంది. విరిగిన అంచు చూడండి. అగరుబత్తి కట్టని అడ్డంగా విరిచినట్టు సన్నటి పోగులు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి, అన్నీ చిప్ప ఉపరితలానికి నిలువుగా. ఆ పోగులు ఉపరితలం వెంబడి పడుకుని ఉంటే అది ఇనోసిరామస్ కాదు. కీలు దొరికితే పళ్లు ఉండవు, అతుకు కోసం వరసగా గుంటలు ఉంటాయి. ఈ గుంటల్ని ట్యాక్సోడాంట్ పళ్లు అని రాసేవాళ్లు ఉన్నారు, పళ్లైతే గుంటా గట్టూ రెండో చిప్పలో ఒకదానిలో ఒకటి దూరాలి.

నైతియా పెక్టెన్ వర్గం. కుడి చిప్ప ఉబ్బుగా, ఎడమ చిప్ప బల్లపరుపుగా. లావు గీతలు కొన్ని, వాటి మధ్య సన్న గీతలు. రెండు చిప్పలూ విడివిడిగా దొరికితే రెండు వేరు జాతులు అనుకోవడం సహజం, గీతల క్రమం లెక్కపెట్టి పోల్చి చూడండి.

ఫోలాడోమియా కీలులో పళ్లు దాదాపు ఉండవు, చిప్పలు వెనుక వైపు పూర్తిగా మూసుకోవు. రూడిస్ట్‌లు దొరికితే అదృష్టమే, ఒక చిప్ప కొమ్ము ఆకారంలో పెరిగి రెండోది మూత అవుతుంది, పగడం అనుకుని పక్కన పెట్టేస్తారు. రాతి కట్టెలో వేలు మందాన గొట్టాలు నిండి ఉంటే అవి కట్టెని తొలిచే ఆల్చిప్పల పని, చెట్టు కణాలు కావు.

10. వర్గంలో పెట్టడం, పేరు రాయడం

పాత సిలబస్‌లో పళ్ల పేర్లతోనే ఆర్డర్లు ఉంటాయి. ఇప్పటి పద్ధతి వేరు: నూకులా వంటివి ప్రోటోబ్రాంకియా, ఆర్కా, ఆయిస్టర్, పెక్టెన్, ఇనోసిరామస్ అన్నీ టెరియోమార్ఫియా, ట్రైగోనియా పేలియోహెటిరోడాంటా, కార్డియమ్, వీనస్, రూడిస్ట్‌లు, ఫోలాడోమియా హెటిరోడాంటా. నూకులా, ఆర్కా రెండింటికీ బారు పళ్లే ఉన్నా వేరు వేరు ఉపతరగతుల్లో పడ్డాయి చూశారా, పళ్లు ఒక్కటే చూసి వర్గం తేల్చేయకూడదు అనేది అందుకే. పెలెసిపొడా, లామెల్లిబ్రాంకియా, బైవాల్వియా మూడూ ఒకే తరగతికి పేర్లు, కంగారు పడొద్దు. పరీక్షలో మీ సిలబస్ ఏ పద్ధతి అంటే అదే రాయండి, లేబుల్ మీద మాత్రం కొత్తది రాయండి.

కీలు కనిపించి, మచ్చలు కనిపించి, నగిషీ కనిపిస్తే ప్రజాతి పేరు రాయొచ్చు. జాతి పేరు దాకా పోవాలంటే బొమ్మతో, కొలతలతో, దొరికిన పొరతో మూడూ కలవాలి. పూర్తిగా కలవకపోతే ప్రజాతి పేరు రాసి పక్కన "ఎస్‌పి." అని పెట్టండి. ఫలానా జాతికి దగ్గరగా ఉంది కానీ ఖాయం కాదంటే "సిఎఫ్." పెట్టండి. ఇందులో నామోషీ ఏమీ లేదు, పెద్ద పెద్ద పరిశోధకులు రాసేది ఇలాగే. లోపలి అచ్చు మాత్రమే ఉండి పళ్ల ఆనవాలు కూడా లేకపోతే "వీనెరిడే కావొచ్చు" అని కుటుంబం దగ్గరే ఆపేయండి. స్టోలిచ్కా బొమ్మతో అచ్చం కలిసినా, ఆయన పెట్టిన పేరు ఇప్పుడు మారి ఉండొచ్చు, కొత్త జాబితాలో ఒకసారి చూసుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు, సరిచూసుకునే పద్ధతి

పెరుగుదల గీతల్ని నగిషీ గీతలుగా రాయడం. పెరుగుదల గీతలు కింది అంచుకి సమాంతరంగా, ఎడం ఎడంగా, ఒక్కోచోట దగ్గరగా పడతాయి. నగిషీకి ఒక క్రమం ఉంటుంది.

చిన్నదాన్నీ పెద్దదాన్నీ రెండు జాతులు చేయడం. ఒకే పొరలో దొరికిన అన్ని సైజులవీ బల్ల మీద వరసగా పేర్చండి. మధ్య సైజులు ఉండి ఆకారం మెల్లగా మారుతూ పోతే ఒకే జాతి. పొడవు, ఎత్తు కొలిచి గ్రాఫ్ పేపర్ మీద చుక్కలు పెడితే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. పొడవంటే ముందు నుంచి వెనుకకి, ఎత్తంటే ముక్కు నుంచి కింది అంచుకి, ఎక్కువ కొలత ఏది అయితే అది పొడవు అని రాయకండి.

నలిగిన చిప్పని కొత్త జాతి చేయడం. రాతి బరువుకి అణిగిన చిప్పలో గీతలు ఒకవైపు దగ్గరగా, ఒకవైపు దూరంగా పోతాయి, పగుళ్లు కనిపిస్తాయి. అదే పొరలో ఇంకో నమూనా ఇంకో దిక్కుకి నలిగి ఉంటే అనుమానమే లేదు.

ఇంటర్నెట్‌లో ఫోటోతో పోల్చడం. విదేశీ ఫోటోతో బయటి ఆకారం కలిసినంత మాత్రాన పేరు ఎత్తి రాసేయకండి. మీ నమూనాలో కనిపించే లక్షణాలు ముందు రాసుకుని, ఆ తర్వాత బొమ్మ చూడండి. బొమ్మ చూశాక రాస్తే లేని పన్ను కూడా కనపడుతుంది.

అన్నీ అయ్యాక ఒక పరీక్ష. మీరు రాసిన వర్ణన మాత్రమే ఫ్రెండ్‌కి ఇచ్చి, మీ దగ్గరున్న నాలుగైదు నమూనాల్లోంచి అది ఏదో తీయమనండి. వేరేది తీస్తే మీ వర్ణనలో ఏదో లోటు ఉంది. అదే చిప్పని వారం తర్వాత పాత నోట్ చూడకుండా మళ్లీ గుర్తించండి, రెండు పేర్లూ కలవకపోతే పై మెట్టుకి, అంటే ప్రజాతి దగ్గరికో కుటుంబం దగ్గరికో పేరు తగ్గించుకోండి.

నంబరు వేయడానికి చిప్ప మీద నేరుగా మార్కర్ పెట్టొద్దు. పనికిరాని మూల మీద తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, ఆరాక సన్న పెన్నుతో నంబరు రాసి, పైన రంగులేని పాలిష్ ఒక పూత. అదే నంబరు రిజిస్టర్లో, అదే నంబరు చీటీ మీద. గుడ్డ పరిచిన అట్టపెట్టెలో పెట్టండి, చెక్క బీరువాలో వద్దు, కొన్ని రకాల కలప నుంచి వచ్చే ఆవిరికి సున్నపు చిప్పల మీద తెల్లటి పొడి పూస్తుంది.

ఎవరికైనా ఫోటో పంపేటప్పుడు నాలుగు ఉండాలి: బయటి వైపు, లోపలి వైపు, కీలు పైనుంచి, పక్కనుంచి మందం. అన్నిట్లో స్కేలు, పక్కనుంచి వెలుగు. దొరికిన చోటు, పొర, కొలతలు కూడా రాసి పంపితే జవాబు రావడానికి అరగంట చాలు. ఒక్క ఫోటో మాత్రమే వస్తే నేను అడిగేవి కూడా ఇవే.